మాల తీసిన రోజే మళ్లీ సిగరెట్. నాకొక్కడికేనా ఇలా?

ఖమ్మం_కరెంటోడు
ఆదివారం పొద్దున పదింటికి మా అమ్మ చేతుల మీదుగా అయ్యప్ప మాల తీశాను. సాయంత్రం నాలుగింటికి సిగరెట్ కాల్చాను. మధ్యలో ఆరు గంటలు. అందులో రెండు గంటలు నిద్రపోయా.

నాకు 38. ఎలక్ట్రికల్ పనులు కాంట్రాక్టుకు చేస్తుంటాను. పదహారేళ్లుగా రోజుకు పది, పన్నెండు సిగరెట్లు. మాల వేసుకోవడం ఇది ఐదోసారి. ఐదుసార్లూ 41 రోజుల్లో ఒక్క దమ్ము కూడా లాగలేదు, ఒట్టు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చెప్పులు లేకుండా సైట్ల మీద తిరగడం, అన్నీ చేశా. సిగరెట్ మీదకి మనసు లాగింది మొదటి నాలుగైదు రోజులే. తర్వాత పక్కన ఎవరైనా కాలిస్తే ఆ వాసన కూడా పడేది కాదు.

ఇక ఆదివారం సంగతి. మా వీధి చివర టీకొట్టాయన 41 రోజులు నన్ను 'స్వామీ' అని పిలిచి, పేపర్ కప్పులో వేడి పాలు ఇచ్చాడు. ఆ సాయంత్రం గడ్డం గీయించుకుని, ప్యాంటు చొక్కాలో వెళ్లా. నేను నోరు తెరవకముందే గాజు గ్లాసులో టీ పెట్టాడు. గ్లాసు పక్కన నా బ్రాండ్ సిగరెట్ ఒకటి పెట్టాడు. గుంజకు పురికొసతో కట్టిన లైటర్‌ని నా వైపు జరిపి, 'వచ్చేశావా అన్నా' అన్నాడు. నేను అడగలేదు. వద్దనీ అనలేదు. మొదటి దమ్ముకే కళ్లు తిరిగాయి, నోరంతా చేదు. అయినా చివరిదాకా కాల్చా.

ఇంటికెళ్తే నాలుగో తరగతి చదివే మా పాప దగ్గరికొచ్చి, వాసన చూసి, 'నాన్నా, మళ్లీ స్వామి ఎప్పుడవుతావు?' అంది. నవంబర్‌లో అన్నాను.

41 రోజులు ఆపినవాణ్ణి 42వ రోజు ఎందుకు ఆపలేకపోయాను? భక్తి తక్కువా? మాలతో మొదలుపెట్టి పూర్తిగా మానినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 'మనసుంటే మార్గం' లాంటివి మాత్రం వద్దు, దండం పెడతా.

బెజవాడ_బాబాయ్
నువ్వు ఆరు గంటలు ఆగావు, నయం. మా బ్యాచ్ పంబలోనే మాల తీసేసి, బస్సెక్కేలోపు ముట్టించింది. కొండ దిగాం కాబట్టి తప్పు లేదని తీర్మానం కూడా చేసుకున్నాం.

సందేహాల_సాంబయ్య
ఇందులో దేవుడి ప్రస్తావన ఎందుకో నాకర్థం కాదు. నల్లబట్టలేసుకుని సిగరెట్ ముట్టిస్తే పది మంది చూసి ఛీ అంటారు. ఆ భయమే నిన్ను 41 రోజులు ఆపింది. బట్టలు మార్చగానే భయం పోయింది, సిగరెట్ వచ్చింది. భక్తి ఎక్కువా తక్కువా అనే లెక్కే లేదిక్కడ.

పద్దెనిమిది_మెట్లు
సాంబయ్య గారూ, జనం భయం ఉన్న మాట నిజమే. కానీ అదొక్కటే అయితే గదిలో తలుపేసుకుని కాల్చుకోవచ్చు కదా. చాలామంది కాల్చరు. ఎవరూ చూడని చోట ఆపేది వేరే ఉంటుంది.

నేను ఇప్పటికి 21 సార్లు వెళ్లొచ్చాను. పద్దెనిమిదో ఏడు ఆనవాయితీ ప్రకారం కొబ్బరి మొక్క మోసుకెళ్లాను. ఇన్నేళ్లలో మా సన్నిధానంలో వందల మందికి మాల వేశాను. సిగరెట్ పూర్తిగా వదిలేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఈ మాట చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. మాల వేసే రోజు నియమాలు గంటసేపు చెప్తాం. తీసే రోజు కొబ్బరికాయ కొట్టి, మంత్రం చెప్పి, ప్రసాదం పంచి పంపేస్తాం. రేపటి నుంచి ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పం.

కంచరపాలెం_కోడలు
మా ఆయన మాల వేసుకుంటే ఆయన సిగరెట్ మానేస్తాడు, నేను నిద్ర మానేస్తా.

పొద్దున్నే నాలుగింటికి లేచి నీళ్లు తోడేది ఎవరు? మధ్యాహ్నం భిక్షకు ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా వండేది ఎవరు? సాయంత్రం అల్పాహారం, పీఠం దగ్గర పూలు, పడిపూజ రోజు వంద మందికి వంట. నెలలో ఆ నాలుగు రోజులు పిల్లల్ని తీసుకుని మా అమ్మ వాళ్లింటికి. ఇంత చేశాక మాల తీసిన రాత్రి బాల్కనీలో పొగ కనిపిస్తే నాకెలా ఉంటుంది?

ఖమ్మం గారూ, మీ పోస్టులో మీ ఆవిడ మాటే లేదు. ఒకసారి ఆమెను అడగండి, 41 రోజులు ఎవరు మోశారో.

ఖమ్మం_కరెంటోడు
@కంచరపాలెం_కోడలు అక్కా, చదివి సిగ్గేసింది. ఆవిడకి ఫోన్ ఇచ్చి మీ పోస్టు చదివించా. ఏమీ అనలేదు, ఒక లైక్ కొట్టి తిరిగిచ్చింది.

బెజవాడ_బాబాయ్
ఆ లైక్ నీ పోస్టుకి కాదు తమ్ముడూ, గమనించు.

రాత్రిడ్యూటీ_సిస్టర్
గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుని. ఖమ్మం గారి పోస్టులో జవాబు ఉంది, ఆయనే రాసుకున్నారు.

నికోటిన్ మానినప్పుడు శరీరం చేసే గొడవ మొదటి మూడు రోజులు గట్టిగా ఉంటుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా ధ్యాస నిలవకపోవడం. మూడు నాలుగు వారాలకు చాలావరకు సద్దుమణుగుతుంది. అంటే మీరు మాల తీసేనాటికి ఒంటికి సిగరెట్ అవసరం లేదు. అందుకే మొదటి దమ్ముకి కళ్లు తిరిగాయి. కొత్తగా కాల్చేవాడికి తిరిగినట్టే.

ఒంట్లోంచి పోయింది కానీ ఆ టీకొట్టులోంచి పోలేదు. సాయంత్రం నాలుగింటి వేళ, టీ గ్లాసు, ఆ బల్ల, తాడు కట్టిన లైటర్. పదహారేళ్లుగా ఇవన్నీ కలిసి ఉన్నాయి. మాలలో ఉన్నప్పుడు మీరు అక్కడికి వెళ్లినా వేరే మనిషిగా వెళ్లారు, పేపర్ కప్పులో పాలు తాగారు. ఆదివారం పాత మనిషిగా వెళ్లారు. మిగతాది ఆ టీకొట్టాయన చేతులే చేసేశాయి.

మళ్లీ మొదటి మూడు రోజులు గడవడం కష్టమైతే మందుల షాపులో నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది దొరుకుతుంది. మామూలు బబుల్‌గమ్‌లా నమిలేయకూడదు. కాస్త నమిలి, ఘాటు తెలియగానే చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. పొగాకు మానాలనుకునేవాళ్లకు 1800 11 2356 నంబరు ఉంది, ఉచితం.

వరంగల్_పిల్లగాడు
సిస్టర్, మాలలో ఉండి ఆ గమ్ నమలొచ్చా? సీరియస్‌గానే అడుగుతున్నా. వచ్చే ఏడాది కన్నెస్వామిని, మాల వేసుకోవడం అదే మొదటిసారి.

పద్దెనిమిది_మెట్లు
మందు మందే బాబూ. బీపీ మాత్రలు వేసుకుని కొండెక్కేవాళ్లు లేరా? వేసుకో. కాకపోతే మాల వేసుకునే నెల ముందే మొదలుపెట్టు. కొండకు వెళ్లేనాటికి గమ్ కూడా అక్కర్లేకుండా పోతుంది.

ఈరోజుకు_మాత్రం
నాది సిగరెట్ కాదు, మందు. తొమ్మిదిసార్లు మాల వేశాను. తొమ్మిదిసార్లూ తాగుడు మానడానికే. పదకొండేళ్లుగా తాగలేదు, కానీ ఆ తొమ్మిది మాలల వల్ల కాదు. ఆ మాట వివరంగా చెప్పాలి.

చివరిసారి మాలలో 38వ రోజు ఒక క్వార్టర్ కొని బండి డిక్కీలో టూల్ కిట్ సంచి కింద పెట్టాను. తాగడానికి కాదు, 'తీసిన రోజుకి రెడీగా ఉండాలి' అని. మూడు రోజులు దాన్ని డిక్కీలో పెట్టుకుని గుడికి వెళ్లొచ్చాను, శరణుఘోష చెప్పాను. అప్పుడు నాకు తెలిసొచ్చింది. 41 రోజులూ నేను మానలేదు, వాయిదా వేశాను. ప్రతి రోజూ ఇంకెన్ని ఉన్నాయని లెక్కపెట్టుకున్నాను.

తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లాను. అమెరికాలో 1935లో ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలుపెట్టింది. అక్కడా దైవం ఉంది, కానీ ఎవరికి అర్థమైన దైవం వారిది. ఫీజు లేదు, పేరు చెప్పక్కర్లేదు. అక్కడ 41 రోజులు తాగను అనరు. ఈ ఒక్కరోజు తాగను అంటారు. నా హ్యాండిల్ అక్కడి నుంచి వచ్చిందే. చివరి తేదీ లేని దీక్షలో లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు.

ఇప్పటికీ మాల వేస్తాను. తాగుడు మానడానికి కాదు, అయ్యప్పను చూడ్డానికి. రెండూ కలిపినప్పుడు రెండూ సరిగా చేయలేకపోయాను.

ఖమ్మం_కరెంటోడు
'వాయిదా వేశాను' అన్న మాట దగ్గర ఆగిపోయా అన్నా. చెంగన్నూరులో రైలెక్కినప్పుడే ఇంటికెళ్లాక మొదటి టీ గురించి ఆలోచించాను. సిగరెట్ గురించి కాదనుకున్నా. టీ గురించే అని నాకు నేను చెప్పుకున్నా.

రాత్రిడ్యూటీ_సిస్టర్
మందు మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

సిగరెట్ ఒక్కసారిగా ఆపితే చిరాకు వస్తుంది, ప్రాణం పోదు. రోజూ బాగా తాగేవాళ్లు, పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి రావచ్చు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం. ప్రతి కార్తీకంలో మా వార్డుకి నల్లబట్టలతో ఒకరిద్దరు వస్తారు. ఇంట్లోవాళ్లు 'స్వామి పూనాడు' అనుకుని ఒక రాత్రంతా హారతులిచ్చి, తెల్లారాక తీసుకొచ్చిన కేసు చూశాను. బతికాడు.

అలాంటివాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మందులిచ్చి, బి1 విటమిన్ ఇచ్చి, వారం పది రోజుల్లో ఆ ఇబ్బంది నుంచి గట్టెక్కిస్తారు. మాల ఆ తర్వాత.

పద్దెనిమిది_మెట్లు
సిస్టర్ గారూ, ఈ విషయం నాకు ఇంత వివరంగా తెలియదు. మాల వేసే ముందు ఎన్నేళ్లుగా తాగుతున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ ఏడాది నుంచి అడుగుతాను.

డల్లాస్_దోసె
వాట్సాప్‌లో తిరిగే ఆ ఫార్వర్డ్ ఇంకా ఎవరూ పెట్టలేదేమా అని చూస్తున్నా. '41 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని సైన్స్ నిరూపించింది' అన్నది. నిరూపించలేదు. ఇక్కడ అమెరికాలో అదే కథ 21 రోజుల పేరుతో తిరుగుతుంది, 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట పట్టుకుని.

లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2009లో ఒక అధ్యయనం వేశారు. 96 మందిని తీసుకుని, రోజూ భోజనంతో ఒక పండు తినడం, నీళ్లు తాగడం లాంటి చిన్న పని ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఆలోచించకుండా ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. ఇదంతా కొత్త అలవాటు చేసుకోవడం గురించి, పాతది వదలడం గురించి కాదు. అది ఇంకా మొండిది.

సందేహాల_సాంబయ్య
హమ్మయ్య, ఒక్కడైనా లెక్కలు చెప్పాడు. కొన్నాళ్లకి ఇక్కడ కూడా పడిపూజ పెడతారేమోనని భయపడ్డా.

బెజవాడ_బాబాయ్
పెడితే మొదటి అరవణ ప్రసాదం డబ్బా నీకే సాంబయ్యా.

రాయచోటి_రఫీ
మా దగ్గరా ఇదే కథ. రంజాన్ నెల, తెల్లవారకముందు తినే సహరీ నుంచి సాయంత్రం ఇఫ్తార్ దాకా నీళ్లు కూడా ముట్టం. పద్నాలుగు గంటలు సిగరెట్ లేకుండా హాయిగా ఉండే మనిషి మగ్రిబ్ అజాన్ వినపడగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, నమాజ్ ముగించి, మసీదు వెనక సందులోకి పరిగెత్తుతాడు. నేనూ పరిగెత్తినవాణ్ణే.

మా మామయ్య ఒకటి చెప్పారు. ఖురాన్‌లో మద్యం ఒక్క ఆయత్‌తో, అంటే ఒక్క వాక్యంతో నిషేధం కాలేదు. ముందు అందులో లాభం కంటే పాపం ఎక్కువ అన్నారు. తర్వాత మత్తులో ఉండి నమాజ్ దగ్గరికి రావద్దన్నారు. రోజుకు ఐదు నమాజులంటే తాగడానికి వీలుండే సమయం దానంతటదే కుదించుకుపోతుంది. ఆఖరున పూర్తిగా వద్దన్నారు. అల్లాయే దశలవారీగా నడిపించాడు, నీకెందుకురా తొందర అన్నారు మామయ్య.

ఆ ఏడాది ఇఫ్తార్ తర్వాత కాదు, రంజాన్ రాత్రుల్లో చదివే తరావీహ్ నమాజ్ అయ్యాకే అని పెట్టుకున్నా. తర్వాత వారం ఒకటి మాత్రమే. ఈద్ నాటికి ఒక్క సిగరెట్ మీద ఉన్నా. ఈద్ తర్వాత కూడా తరావీహ్ ఉండే టైముకి మసీదులోనే కూర్చునేవాణ్ణి, ఊరికే. ఇది మూడో ఏడు.

ఈరోజుకు_మాత్రం
రఫీ భాయ్, సిగరెట్‌కి దశలు సరే. నాలాంటి తాగుబోతుకి మాత్రం 'ఒక్క పెగ్గు' అన్న దశ లేదు. ఆ ఒక్కటే మొదటిది అవుతుంది.

రాయచోటి_రఫీ
ఒప్పుకుంటా అన్నా. నేను నా సంగతి చెప్పానంతే.

ఒంగోలు_గిత్త
మేం చర్చికి వెళ్లేవాళ్లం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా నలభై రోజుల ఉపవాస కాలం, ఆదివారాలు లెక్కలోకి రావు. ఆదివారాలు లెక్కలోకి రావన్న సంగతి మా బావకి తెలిసినంత బాగా మా పాస్టర్ గారికి కూడా తెలియదు. ఆరు ఆదివారాలూ ఖైనీ.

ఈ చర్చ చదువుతుంటే మత్తయి సువార్త పన్నెండో అధ్యాయంలో యేసు చెప్పిన ఇల్లు గుర్తొచ్చింది. ఒక మనిషిని వదిలి వెళ్లిన దయ్యం తిరుగుతూ తిరుగుతూ మళ్లీ వచ్చి చూస్తుంది. ఇల్లు ఊడ్చి, అమర్చి ఉంటుంది, కానీ ఖాళీగా ఉంటుంది. వెళ్లి తనకంటే చెడ్డవైన ఇంకో ఏడింటిని వెంటబెట్టుకొచ్చి కాపురం పెడుతుంది. ఖమ్మం అన్న ఇల్లు 41 రోజులు ఊడ్చి అలికాడు. ఆదివారం తలుపు తీసి పెట్టాడు.

నాకు ఖైనీ పోయింది ఎలాగంటే, పొద్దున ఐదున్నరకి అది నలిపే టైములో ప్రార్థనకి కూర్చోవడం మొదలుపెట్టా. ఎడమ అరచేతిలో సున్నం వేసి బొటనవేలితో నలిపే అలవాటు కదా, ప్రార్థనలో కూడా బొటనవేలు దానంతటదే తిరిగేది. ఆరు నెలలు తిరిగింది. చేతిలో బైబిల్ పట్టుకున్నాక ఆగింది. రెండు చేతులూ కావాలి దానికి.

బెజవాడ_బాబాయ్
నువ్వు ఒంగోలు గిత్తవి, ఆ దయ్యం నీ ఇంటి దాకా వచ్చి భయపడి పారిపోయుంటుంది.

నెల్లూరు_చేపలపులుసు
నా వయసు 61. మీరంతా మగవాళ్లు మనసులో ఏం జరిగిందో రాస్తున్నారు. నేను ఊళ్లో ఏం జరిగిందో చెప్తా.

1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు ముందు నిలబడ్డారు. మా ఊరికీ పాకింది. ప్యాకెట్లు తెచ్చే జీపుని ఆపాం, వేలంపాటలు ఆపించాం. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995లో మద్యం కూడా బంద్ పెట్టారు, 1997లో ఎత్తేశారు. కొట్టు మూసినన్నాళ్లు మా ఇంటాయన తాగలేదు. భక్తి లేదు, మాల లేదు, కొట్టు లేదంతే. చేలో పని చూసుకునేవాడు, రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పించేవాడు. బెల్టుషాపు మా వీధిలోకి వచ్చిన నెలలోనే మళ్లీ మొదలు.

సిస్టరమ్మ టీకొట్టు గురించి చెప్పింది చూశారా, అదే. ఖమ్మం బాబూ, నీ మనసు సంగతి తర్వాత. ముందు ఆ టీకొట్టుకి వెళ్లకు.

ఖమ్మం_కరెంటోడు
అమ్మా, ఆ టీకొట్టు దగ్గరే నాకు పనులు దొరుకుతాయి. మేస్త్రీలు, ప్లంబర్లు అందరూ సాయంత్రం అక్కడే కలుస్తారు. మానేస్తే నోటికాడ కూడు పోతుంది.

నెల్లూరు_చేపలపులుసు
వెళ్లు. టీ తాగకు. మజ్జిగ తాగు.

పసుపుగుడ్డ
నాది మొండి కేసు, ఇరవై సిగరెట్లు. దీక్షలేవీ తీసుకోలేదు. మా అమ్మ ముడుపు కట్టించింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి ఏడుకొండలవాడి పటం ముందు పెట్టి, 'సిగరెట్ కొనాల్సిన డబ్బు రోజూ ఈ డబ్బాలో వెయ్యి, మొత్తం కొండకి' అంది. రోజుకు 150 పక్కనపెట్టా. ఎనిమిది నెలలకు 36,000 దాకా వచ్చింది. డబ్బాలో నోట్లు పెరుగుతుంటే సిగరెట్ కొనబుద్ధి కాలేదు. దేవుడి సొమ్ము తగలేసినట్టు అనిపించేది.

ఒక్క చిక్కు. ఆ ఎండాకాలం ఫ్రిజ్ పాడైంది. సగం ఫ్రిజ్‌కి పోయింది, సగమే హుండీలో వేశా. ఇది తప్పా?

పద్దెనిమిది_మెట్లు
మొక్కిన మొక్కు మొక్కే. మిగతా సగం కూడా వేసెయ్యి.

కంచరపాలెం_కోడలు
ఏం తప్పు లేదు. చల్లటి నీళ్లు తాగినప్పుడల్లా గోవిందా అనండి.

బెజవాడ_బాబాయ్
ఆయన వడ్డీకాసులవాడు. ఫ్రిజ్‌కి ఇచ్చింది అప్పు కింద రాసుకుని ఉంటాడు. వడ్డీ పెరక్కముందే కట్టెయ్.

బీటెక్_బ్యాక్‌లాగ్
నాకు సిగరెట్ లేదు, మందు లేదు. రీల్స్. రాత్రి రెండు దాటుతుంది. హనుమాన్ మాల వేసుకుంటే పోతుందా?

పద్దెనిమిది_మెట్లు
మాలలో ఉండి రీల్స్ చేసేవాళ్లే ఎక్కువయ్యారు నాయనా. ముందు ఫోను చార్జింగు హాల్లో పెట్టి పడుకో.

సందేహాల_సాంబయ్య
చూశారా, ఎవరి కథ తీసుకున్నా చివరికి తేలింది టైము, చోటు, పక్కనున్న మనుషులు. దేవుడు ఎక్కడ?

ఒంగోలు_గిత్త
సాంబయ్య గారూ, ఐదున్నరకి ఎవరి కోసం లేస్తున్నానో నాకు తెలుసు. అలారం కోసమైతే నేను లేవను, మా ఇంట్లో అందరికీ తెలుసు.

సందేహాల_సాంబయ్య
అది మీ ఇష్టం. నాకు 1998లో సిగరెట్ పోయింది మా నాన్నకి గుండె ఆపరేషన్ అయిన రాత్రి. ఆస్పత్రి బయట ప్యాకెట్ పడేశాను. దణ్ణం పెట్టలేదు. పెట్టాననే మా అమ్మ చనిపోయేదాకా అందరికీ చెప్పుకుంది, నేను కాదనలేదు.

పద్దెనిమిది_మెట్లు
ఖమ్మం స్వామీ, ఇంతమంది చెప్పాక నాకు తోచింది చెప్తాను. మాలలో చేసినవాటిలో ఒక మూడు పట్టుకో. నల్లబట్టలు, నేల పడక, గడ్డం వదిలెయ్, అవి దీక్షకే. నాలుగున్నరకి లేవడం, చన్నీళ్ల స్నానం, సాయంత్రం దీపం దగ్గర పది నిమిషాలు శరణుఘోష. శనివారం భజనకి రా. మాల లేనివాళ్లని రావద్దని ఎవరూ అనరు, కానీ మాల తీశాక ఎవరూ రారు. ఇన్నేళ్లుగా జనవరి నుంచి నవంబర్ దాకా నేనూ, హార్మోనియం మాస్టారూ, ఇంకో నలుగురం.

ఖమ్మం_కరెంటోడు
నెలన్నర అయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

ఈ చర్చ చదివిన వారానికి మళ్లీ ఆపాను. ఈసారి చివరి తేదీ పెట్టుకోలేదు, కానీ పాప క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు గీస్తోంది, దాన్ని ఆపలేకపోయా. మొదటి మూడు రోజులు గమ్ నమిలా. నాలుగున్నరకి లేస్తున్నా. స్నానానికి నీళ్లు నేనే తోడుకుంటున్నా అక్కా, మీ ఆయనకి కూడా చెప్పండి.

పద్దెనిమిదో రోజు మా బావమరిది పెళ్లిలో ఒకటి కాల్చాను. బరాత్ ముందు, జనరేటర్ వెనక. సగం కాల్చి పడేశా.

డల్లాస్_దోసె
ఒక రోజు తప్పితే ఏం కాదు. కొనసాగించు.

పద్దెనిమిది_మెట్లు
వ్రతభంగం వ్రతభంగమే. తేలిక చేయొద్దు. కానీ స్వామి దగ్గర క్షమాపణ ఉంది.

ఈరోజుకు_మాత్రం
మా దగ్గరైతే లెక్క మళ్లీ ఒకటి నుంచి. బాధగానే ఉంటుంది, నాకు రెండుసార్లు అయింది.

రాత్రిడ్యూటీ_సిస్టర్
పూర్తిగా మానినవాళ్లలో చాలామంది మధ్యలో తప్పినవాళ్లే. ఆ సగం సిగరెట్ తర్వాత మర్నాడు ఏం చేశారన్నది చెప్పండి.

ఖమ్మం_కరెంటోడు
మర్నాడు నాలుగున్నరకే లేచాను. పాపకి నిజం చెప్పాను. అది చాలాసేపు ఆలోచించి, ఆ రోజు గీత చెరిపేసి, సగం గీత గీసింది. నిన్నటికి 33న్నర అని లెక్క చెప్పింది. మీరు ముగ్గురూ కొట్టుకోండి, మా ఇంట్లో తీర్పు వచ్చేసింది.

టీకొట్టు సంగతి. నెల్లూరు అమ్మ చెప్పినట్టు మజ్జిగ అడిగా, లేదన్నాడు. పాలు అడిగా. నాలుగు రోజులు అలవాటు ప్రకారం సిగరెట్ పక్కన పెట్టడం, నేను వెనక్కి నెట్టడం. ఐదో రోజు విసుగొచ్చి, 'మాల లేకపోయినా నన్ను స్వామీ అనే పిలువు, నువ్వలా పిలిస్తే నాకు చెయ్యి రాదు' అన్నా. @పద్దెనిమిది_మెట్లు గురుస్వామి గారూ, ఇది తప్పయితే చెప్పండి.

అతను గ్లాసు తుడుస్తూ నా ముఖం చూశాడు. పేపర్ కప్పు తీసి పాలు పోశాడు. 'సరే స్వామీ. కానీ పాత బాకీ 340 ఉంది, అది అన్న ఖాతాలో రాశాను. స్వామి కడతాడా, అన్న కడతాడా?' అన్నాడు.

బెజవాడ_బాబాయ్
సగం సగం కట్టు. పాపకి సగం లెక్కలు బాగా వచ్చు కదా.